'ఎంఎల్‌హెచ్1 లాస్' అంటే పిల్లలకూ వస్తుందనేనా?

రాజోలు నుంచి రాసిన మిత్రమా, నాన్నగారికి 68 ఏళ్లు, పెద్దపేగు ఆపరేషనయ్యాక బయాప్సీ రిపోర్టులో 'ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 లాస్' అని ఉంది, మాకూ వస్తుందా అన్నారు. ముందు టెన్షన్ పడకండి. లాస్ అంటే గడ్డ కణాల్లో ఆ ప్రొటీన్లు కనబడలేదని, అంతే.

విత్తనాల వరి చేలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరేవాళ్లుంటారు కదండీ, డీఎన్ఏ నకలులో తప్పులు ఏరే పని వీటిది. ఏరేవాళ్లు రాకపోతే తప్పులు పేరుకుపోతాయి. 'సీఏసీఏసీఏ' అంటూ ఒకే ముక్క తిరిగి తిరిగి వచ్చే చోట మరీను. దాన్నే మైక్రోశాటిలైట్ ఇన్‌స్టబిలిటీ అంటారు. పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతం ఇలాంటివే.

రెండూ ఒకేసారి పోయాయని బెదరొద్దు. ఎంఎల్‌హెచ్1 జత లేకపోతే పీఎంఎస్2 నిలవదు. ఈ వయసులో ఎంఎల్‌హెచ్1 పోవడానికి ఎక్కువసార్లు కారణం మిథైలేషన్, అంటే గడ్డలో ఆ జన్యువు మూతపడటం. అది సాధారణంగా పిల్లలకు రాదు. తేల్చుకోవాలంటే ల్యాబులో గడ్డ ముక్కను దాచిన మైనం దిమ్మ మీదే బీరాఫ్ వీ600ఈ (గడ్డలో బీరాఫ్ అనే జన్యువులో వచ్చే ఓ మార్పు), మిథైలేషన్ పరీక్షలు చేయించండి. దిమ్మను కాకినాడ పంపాలన్నా ఐసు అక్కర్లేదు, ఎండలో కారులో మాత్రం వదిలేయకండి.

ఈ పరీక్షలు రెండూ నెగెటివ్ అయితే నాన్నగారికి లించ్ సిండ్రోమ్ (ఈ ఏరే జన్యువుల్లో వంశపారంపర్యంగా వచ్చే లోపం) కోసం రక్తపరీక్ష చేయించాలి. అది తేలితే మీలో ఒక్కొక్కరికీ 50 శాతం అవకాశం, అప్పుడు మీరూ పరీక్ష చేయించుకుని కొలనోస్కోపీల (పెద్దపేగులోకి కెమెరా పంపి చూడటం) సంగతి చూడాలి. కీమో మొదలయ్యేలోపే ఈ రిపోర్టు ఆంకాలజిస్టుకు చూపించండి, మందు ఎంపిక దీన్నిబట్టి మారొచ్చు.