అద్దె సాఫ్ట్‌వేరు: గడువు, తాళం, పాత లెక్కలు

ప్రశ్న: రైస్‌మిల్లుల కోసం నేనొక సాఫ్ట్‌వేరు తయారు చేశాను. ధాన్యం కాటా చిట్టీలు, బస్తాల నిల్వ, తౌడు, నూకల బిల్లులు అన్నీ అందులోనే వస్తాయి. ఒక మిల్లుకు అమ్మితే పెన్‌డ్రైవులో నాలుగు మిల్లులకు పాకుతోంది. అందుకే ఇకమీదట ఏడాది అద్దెకు ఇవ్వాలనుకుంటున్నాను. గడువు తేదీని ప్రోగ్రాములోనే రాసిపెడితే సరిపోతుందా? నెట్ సరిగా అందని ఊళ్లలో ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మండపేట

జవాబు: సరిపోదు. గడువును ప్రోగ్రాములోనే రాస్తే ఏటా ప్రతి మిల్లుకూ కొత్త ప్రోగ్రాము చేసి ఇవ్వాలి. మామూలు ఫైలులో రాస్తే నోట్‌ప్యాడులో తెరిచి దిద్దేస్తారు. మిల్లు పేరు, కంప్యూటరు గుర్తింపు, గడువు తేదీ ఉన్న చిన్న లైసెన్సు ఫైలు మీద డిజిటల్ సంతకం చేసి పంపడం సరైన పద్ధతి. సంతకం చేసే ప్రైవేట్ కీ మీ దగ్గరే ఉండి, దాన్ని సరిచూసే పబ్లిక్ కీ మాత్రమే ప్రోగ్రాములో ఉంటుంది కనుక, ఫైలులో ఒక్క అంకె మార్చినా సంతకం కలవదు. ఇందుకు ఆర్‌ఎస్‌ఏ వంటి నిలదొక్కుకున్న పద్ధతులకు తయారైన లైబ్రరీలు ఉన్నాయి. సొంత గూఢలిపి కనిపెట్టే సాహసం వద్దు. నెట్ లేని మిల్లుకైతే ఆ ఫైలును గుమస్తా ఫోనుకు వాట్సాప్‌లో పంపినా చాలు.

అసలు చిక్కు తేదీతో వస్తుంది. గడువు ముగిసిందనగానే కొందరు కంప్యూటరు తేదీని వెనక్కి తిప్పుతారు. అందుకని చివరి బిల్లు తేదీని గుర్తుంచుకొని, నేటి తేదీ అంతకంటే వెనకుంటే ఆగిపోయేలా చాలామంది ప్రోగ్రాము రాస్తారు. ఇక్కడ నిజాయతీపరుడే దెబ్బతింటాడు. మిల్లు ఆఫీసుల్లోని పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డు మీది బిళ్ల బ్యాటరీ, అంటే సీఆర్2032, ఎప్పుడో అయిపోయి ఉంటుంది. కరెంటు పోయి వచ్చిందంటే తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. ధాన్యం లారీ కాటా మీద ఉండగా తెర మీద ‘లైసెన్సు చెల్లదు’ అని కనిపిస్తే మీకు వచ్చే ఫోను మర్యాదగా ఉండదు. కాబట్టి తాళం వేయకుండా తేదీ సరిచేయమని అడిగి, సరిచేశాక పని సాగనివ్వండి. పొరపాటున 2035 అని కొట్టి బిల్లు వేసినవారి కోసం, ప్రోగ్రాము గుర్తుంచుకున్న ఆ తేదీని చెరిపే కోడ్ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

కంప్యూటరు గుర్తింపును హార్డ్‌డిస్కు సంఖ్య ఒక్కదానికే ముడిపెట్టవద్దు. డిస్కు పాడై కొత్తరకం డిస్కు, అంటే ఎస్‌ఎస్‌డీ, వేయించిన రోజే లైసెన్సు పోతుంది. మదర్‌బోర్డు, డిస్కు, నెట్‌వర్కు కార్డు సంఖ్యల్లో రెండు కలిస్తే చాలు. లైసెన్సు తాళంచెవిలా యూఎస్‌బీకి గుచ్చే డాంగిల్ గట్టిదే గానీ, పోయినా విరిగినా మీరే పరుగెత్తాలి.

లైసెన్సును నెట్ ద్వారా సరిచూసేటట్లయితే వెసులుబాటు ఉండాలి. వర్డ్, ఎక్సెల్‌లను చందాకు ఇచ్చే మైక్రోసాఫ్ట్ 365 కూడా కనీసం 31 రోజులకొకసారి నెట్‌కు తగిలితే చాలంటుంది. ఆ తరువాత కొత్తవి రాయడం, మార్చడం ఆగుతాయే తప్ప ఉన్న పత్రాలను చూసుకోవచ్చు, ముద్రించుకోవచ్చు. గోదావరి వరదల్లో కరెంటే ఉండని రోజులుంటాయి కనుక మీరూ నెలకు తగ్గించవద్దు. గడువు మాత్రం దాళ్వా ధాన్యం దిగే ఏప్రిల్, మే నెలల్లో పడనివ్వకండి.

ఇంత చేసినా, సంతకం సరిచూసే ఆ ఒక్క చోటును ప్రోగ్రాములోంచి తీసేయగల నిపుణుడు ఎక్కడో ఉంటాడు. అతని కోసం నెలలు వెచ్చించడం నా దృష్టిలో దండగ. మీ నష్టం పెన్‌డ్రైవుల వల్ల. అక్రమ కాపీ అని తెలిసీ వాడితే కాపీరైట్ చట్టం, 1957లోని 63బి సెక్షన్ కింద 7 రోజుల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయని ఒప్పందంలో ఒక వాక్యం చేర్చండి.

ప్రశ్న: మా ఎరువుల దుకాణంలో అద్దె సాఫ్ట్‌వేరు వాడుతున్నాం. మానేస్తే పాత లెక్కలు దొరుకుతాయా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అది మీ ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. జీఎస్‌టీ చట్టం ప్రకారం వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలల పాటు లెక్కలు దాచాలి కాబట్టి, మానేసే ముందే బిల్లులు, ఖాతాలు అన్నీ ఎక్సెల్, పీడీఎఫ్ ఫైళ్లుగా తీసి, వేరే కంప్యూటరులో తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. ప్రోగ్రామును తొలగించినంత మాత్రాన కార్డు నుంచి ఆటోమేటిక్‌గా కోసుకునే చందా ఆగదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కోతకు కనీసం 24 గంటల ముందు మీకు సమాచారం రావాలి. అది వచ్చేదాకా ఆగకుండా బ్యాంకు యాప్‌లో ఆ మాండేట్‌ను, అంటే ఆటోమేటిక్ కోతకు మీరిచ్చిన అనుమతిని, రద్దు చేసుకోండి.