ముందు కుండీ కింద పళ్ళెం చూడు

చి. అమ్మలూకి, పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పంపిన బాల్కనీ ఫోటో చూశాను. తులసి, నిమ్మగడ్డి, బంతి, పుదీనా, ఇంకా నర్సరీ అబ్బాయి ‘దోమల మొక్క’ అని అంటగట్టినవి రెండు. ఆరు కుండీలు పెట్టినా చంటాడి బుగ్గ మీద దద్దుర్లు ఎందుకొస్తున్నాయని అడిగావు. మాది నర్సరీల ఊరు కడియం పక్కనే కదా, ‘దోమల మొక్క’ అని పేరు చెప్పి అమ్మడం రోజూ చూస్తూనే ఉన్నాం.

ఒక పని చెయ్యి. సాయంత్రం నిమ్మగడ్డి పక్కన కళ్ళు మూసుకుని నిలబడు. పెద్దగా వాసనేమీ రాదు. ఒక ఆకు తుంపి వేళ్ళ మధ్య నలుపు, అప్పుడు గుప్పుమంటుంది. దోమకి గిట్టనిది ఆ నూనే. అది ఆకు లోపల దాక్కుని ఉంటుంది. నలిపితేనో, పొగ వేస్తేనో, నూనె తీస్తేనో గాని బయటికి రాదు. ఊరికే కుండీలో ఉన్న మొక్క దోమకి మామూలు పచ్చికే. నేనూ ఒకప్పుడు నూతి గట్టు చుట్టూ నిమ్మగడ్డి వేసి ఏడాది మురిసిపోయాను. ఒకరోజు సందెవేళ నీళ్ళు పొయ్యబోతే ఆ దుబ్బుల్లోంచే దోమలు జుయ్యిమని లేచాయి. పగలంతా ఆ నీడలోనే హాయిగా పడుకున్నాయన్నమాట.

ఫోటోలో నాకు మొక్కల కంటే ముందు కనబడ్డవి వాటి కింద పళ్ళాలు. నాలుగింట్లో నీళ్ళు మెరుస్తున్నాయి. డెంగ్యూ దోమకి మురుగు కాలవ అక్కర్లేదు, ఇలాంటి తేట నీళ్ళే కావాలి. గుడ్డు దోమ అవడానికి వారం, పది రోజులు చాలు. రెండేళ్ళ కిందట మీ పెదనాన్నకి ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు మేం పడ్డ టెన్షన్ నీకు తెలుసు. ఇంటికొచ్చాక వెతికితే, తులసికోట వెనక నేనే పెట్టి మరిచిపోయిన మనీప్లాంట్ సీసాలో సన్నని పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. ఆయన్ని కుట్టింది అందులో పుట్టిన దోమేనని ప్రమాణం చెయ్యలేను గానీ, రోజూ తులసికి దీపం పెడుతూ రెండడుగుల దూరంలో దోమల్ని పెంచానన్న మాట మాత్రం నిజం.

అందుకని ముందు పళ్ళాలు తీసెయ్యి. తియ్యడం కుదరకపోతే వారానికోసారి, శుక్రవారం డ్రై డే అంటారు కదా ఆ రోజు, నీళ్ళు పారబోసి పీచుతో అంచులు గట్టిగా తోము. ఊరికే పారబోస్తే లాభం లేదు. గుడ్లు అంచుకి అంటుకుని ఉంటాయి, ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్ళీ తడి తగలగానే పిల్లలవుతాయి. ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్ అడుగు కూడా చూడు.

ఇక నిజంగా పనికొచ్చే ఆకు అంటే నా ఓటు వావిలికే. కాలవ గట్ల మీద పెరుగుతుంది. ఒక్కో కాడకి మూడో ఐదో ఆకులు, అడుగున బూడిద రంగు, లేత ఊదా పువ్వు. నువ్వు బాలింతగా ఉన్నప్పుడు స్నానానికి కాచిన నీళ్ళ వాసన గుర్తుందా, అదే. మా అత్తగారు ఆ రొట్ట, వేపాకు కలిపి నీడలో రెండు రోజులు వాడ్చేవారు. పచ్చిది వేస్తే కళ్ళు మండి మనమే బయటికి పరిగెత్తాలి, బాగా ఎండితే భగ్గున మండి బూడిదవుతుంది. పిడక నిప్పు మీద గుప్పెడు వేసి, దీపాలు పెట్టే ముందు తలుపులు మూసి గదిలో పొగ పట్టించి, తర్వాత కిటికీ తెరిచి పొగ పోనిచ్చేవారు. పొగ పోయాక దోమలు మళ్ళీ రావా అంటే, వస్తాయి.

ఇంత చెప్పి, నువ్వు మాత్రం చెయ్యకు అంటాను. పొగ ఏ ఆకుదైనా పొగే. ఏడాది నిండని పిల్లాడి ఊపిరితిత్తులకి మంచిది కాదు. మా రోజుల్లో పిల్లలు ఖళ్ళుఖళ్ళుమని దగ్గితే ‘దిష్టి’ అనుకున్నాం. పైగా మీ అపార్ట్‌మెంట్‌లో పిడక నిప్పు అంటే వాచ్‌మన్ పరిగెత్తుకొస్తాడు.

మీ ఇద్దరికీ వేప నూనె పంపుతున్నాను. వంద మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలో అర చెంచా చాలు, ఎక్కువైతే చర్మం మండుతుంది. ముందు మోచేతి లోపల కాస్త రాసి ఒక రోజు చూసుకో. దురద లేకపోతే సాయంత్రం చేతులకీ పాదాలకీ రాసుకోండి. కొన్ని గంటలే ఆగుతుంది. వాసనకి మీ ఆయన గొణుగుతాడు, గొణగనీ. చంటాడికి మాత్రం రాయకు. వాడు చేతులు నోట్లో పెట్టుకుంటాడు, వేప నూనె కడుపులోకి పోతే పసివాళ్ళకి ప్రమాదం. కర్పూరం బిళ్ళలు కూడా వాడికి అందనివ్వకు, మింగితే ఫిట్స్ వస్తాయి. మీ అన్నయ్య అమెరికా నుంచి తెచ్చిన నిమ్మ యూకలిప్టస్ దోమల మందు సీసా వాడికి వాడచ్చా అన్నావు. దాని మీదే మూడేళ్ళలోపు పిల్లలకి వద్దని రాసి ఉంటుంది, చదువు.

వాడికి దోమతెరే. రాత్రి ఒక్కటే కాదు, డెంగ్యూ దోమ పగలే కుడుతుంది, పొద్దున్నా పొద్దుగూకే ముందూ మరీను. పగటి నిద్రకీ తెర దించు. జ్వరం వస్తే మాత్రం నాకు ఫోన్ చేస్తూ కూర్చోక డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళు.

మొక్కలు పారెయ్యకు. నిమ్మగడ్డి టీకి బాగుంటుంది. అయితే కాడ అడుగున ఎర్రగా ఉంటే అది సిట్రోనెల్లా అనే వేరే గడ్డి, టీలో వెయ్యకు. చూసి ఫోటో పంపు.

శనివారం బస్సులో వచ్చే మన పక్కింటి అబ్బాయి చేతికి వేప నూనె ఇస్తాను. ఈసారి మూత మీద మైనం కూడా పెట్టాను. పోయినసారి లాగా ఆవకాయ జాడీ మీద కారదులే.

మీ పెద్దమ్మ