టెక్ సందేహాలు: అప్పును పట్టమంటే ‘అప్పుడు’ను పట్టిన బాట్

ప్రశ్న: పోటీ పరీక్షలకు చదివేవాళ్ల కోసం టెలిగ్రామ్ గ్రూప్ నడుపుతున్నాను. నాలుగు వేల మంది ఉన్నారు. లోన్ యాప్ ప్రకటనల బెడద పడలేక పైథాన్‌లో సొంతంగా బాట్ రాసుకున్నాను. ‘అప్పు’ కనిపిస్తే మెసేజ్ డిలీట్ చేయమన్నాను. దాంతో ‘అప్పుడు’ అని రాసినవాళ్ల మెసేజ్‌లూ ఎగిరిపోయాయి. పూర్తి మాటగా ఉంటేనే పట్టమని అటూ ఇటూ బ్యాక్‌స్లాష్ బి తగిలించాను. ఇప్పుడు ‘అప్పు కావాలా’ దర్జాగా ఉంటోంది, ‘అప్పుడు’ మాత్రం ఇంకా పోతూనే ఉంది. నేనెక్కడ తప్పు చేశాను?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీరు తప్పేమీ చేయలేదు. ఇదే కోడ్ ఇంగ్లిష్ మాట మీద పెడితే చక్కగా పనిచేస్తుంది. చిక్కంతా మన కొమ్ముతో వచ్చింది.

యూనికోడ్‌లో ‘అప్పు’ అంటే ఐదు గుర్తులు: అ, ప, పొల్లు, మళ్లీ ప, చివర కొమ్ము. పైథాన్‌తో వచ్చే ‘రీ’ మాడ్యూల్ అచ్చుల్నీ హల్లుల్నీ అక్షరాలుగానే లెక్కేస్తుంది. గుణింతాల్నీ పొల్లునూ మాత్రం అక్షరాల లెక్కలోకి రానివ్వదు. బ్యాక్‌స్లాష్ బికి కావాల్సింది ఒకపక్క అక్షరం, రెండో పక్క అక్షరం కానిది. ‘అప్పు కావాలా’లో కొమ్ము పక్కన ఖాళీ ఉంది. దాని దృష్టిలో రెండూ అక్షరాలు కావు కాబట్టి అక్కడ హద్దు లేదు, వదిలేసింది. ‘అప్పుడు’లో కొమ్ము పక్కన ‘డ’ ఉంది. ఇదిగో హద్దు అని పట్టేసుకుంది. దొంగను వదిలి ఊళ్లోవాళ్లను పట్టుకోవడం అంటే ఇదే.

పైథాన్‌కు మాడ్యూళ్లు తెచ్చిపెట్టే పిప్‌తో ‘రెజెక్స్’ అనే మాడ్యూల్ వేసుకుని ‘రీ’ బదులు దాన్ని వాడండి. అది గుణింతాల్నీ మాటలో భాగంగానే చూస్తుంది, ‘అప్పుడు’ బతికిపోతుంది. కానీ రెండో రోజే ‘అప్పులిస్తాం’ అని ప్రకటన వస్తుంది. తెలుగులో మాట వెనక ఏదో ఒకటి అతుక్కునే ఉంటుంది కదా, పూర్తి మాటకే కాపలా పెడితే అది దాటిపోతుంది. సరే అని పట్టు సడలిస్తే ‘అప్పుడప్పుడు’ బలి. పైగా మీది పరీక్షల గ్రూప్. ఎకానమీ చదివే కుర్రాడు రాష్ట్రం అప్పుల గురించి ప్రశ్న అడిగితే దాన్నీ మింగేస్తుంది. ఈ జబ్బు కొత్తది కాదు. ఇంగ్లండ్‌లోని స్కన్‌థార్ప్ అనే ఊరి పేరులో ఓ బూతు మాట ఇమిడి ఉందని 1996లో ఏఓఎల్ అనే ఇంటర్నెట్ కంపెనీ ఫిల్టర్ ఆ ఊరివాళ్లను ఖాతాలే తెరవనివ్వలేదు.

అందుకే మాటను కాకుండా మనిషిని చూడమంటాను. చర్చా వేదికలు నడిపే డిస్కోర్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో కొత్తగా చేరినవాళ్లు 5 చర్చలు తెరిచి, 30 పోస్టులు చదివి, 10 నిమిషాలు గడిపితేగానీ నమ్మకంలో మొదటి మెట్టు ఎక్కలేరు. ఎవరేం చదివారో టెలిగ్రామ్ బాట్‌కు తెలియదు కాబట్టి మీరు ఇంకో లెక్క పెట్టుకోవాలి. ఎప్పుడు చేరారో, ఎన్ని మెసేజ్‌లు పెట్టారో బాట్‌తో రాయించి ఉంచండి. చేరి ఒక రోజైనా కాకముందే లింకు పెట్టినవాళ్ల మెసేజ్‌ను ముందు అడ్మిన్ల గ్రూప్‌కు కాపీ చేయించి, ఆ తర్వాతే తీయించండి. ఆ కాపీ కింద రెండు బటన్లు చాలు: మెసేజ్‌ను మళ్లీ గ్రూప్‌లో పెట్టడానికి ‘ఉంచు’, పెట్టిన మనిషిని గ్రూప్ నుంచి తీసేయడానికి ‘పంపించెయ్’. కాపీ ఎందుకంటే, బాట్ ఒకసారి డిలీట్ చేసిన మెసేజ్‌ను వెనక్కి తేలేదు.

దీనివల్ల మీకు పని పెరుగుతుంది. ఫలితాలు వచ్చిన రాత్రి బటన్లు నొక్కలేక విసుగొస్తుంది కూడా. అయినా నేనైతే ఆ విసుగునే భరిస్తాను. సందేహం అడిగిన కుర్రాడికి తన మెసేజ్ ఎందుకు మాయమైందో ఎప్పటికీ తెలియకపోవడం అంతకన్నా అన్యాయం.

ప్రశ్న: నా బాట్ ఇంట్లో ల్యాప్‌టాప్ మీద నడుస్తుంది. కరెంటు పోయి మూడు గంటల తర్వాత వస్తే, పొద్దున అడిగిన వాటన్నిటికీ వరసబెట్టి జవాబులిస్తోంది. పాతవి పట్టించుకోవద్దని చెబితే, ఆ మూడు గంటల్లో పడిన ప్రకటనలు అలాగే ఉండిపోతున్నాయి.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నేనూ ఓసారి ఇలాగే నవ్వులపాలయ్యాను. అర్ధరాత్రి కరెంటు వచ్చింది, మా అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో నా బాట్ ‘నీళ్ల ట్యాంకర్ 4 గంటలకు’ అని పదకొండు సార్లు చెప్పింది.

బాట్ నిద్రలో ఉన్నప్పుడు వచ్చిన వాటిని టెలిగ్రామ్ 24 గంటల వరకు దాచి ఉంచుతుంది. వాటిని మొత్తంగా పారేయవద్దు. ప్రతి మెసేజ్‌తో దాని సమయం కూడా వస్తుంది, దాన్ని చూడండి. జవాబు ఇచ్చే పనికైతే రెండు నిమిషాలు దాటినవి వదిలేయండి. డిలీట్ చేసే పనికి మాత్రం పాతవీ చూడండి. 48 గంటలు దాటిన మెసేజ్‌ను బాట్ ఎలాగూ తీయలేదు. ఒక గ్రూప్‌లో నిమిషానికి 20కి మించి మెసేజ్‌లు పంపితే టెలిగ్రామ్ ఎర్రర్ ఇచ్చి ఎన్ని సెకన్లు ఆగాలో చెబుతుంది. అంతసేపూ ఆగండి. వెంటనే మళ్లీ ప్రయత్నించేలా కోడ్ రాస్తే ఇంకా ఇరుక్కుంటారు.

ప్రశ్న: కొత్తగా చేరిన ప్రతి ఒక్కరికీ పర్సనల్‌గా స్వాగతం పంపాలని మా సభ్యులు పట్టుబడుతున్నారు. ఎలా?
– ఒక పాఠకుడు, దుబాయ్

జవాబు: మామూలుగా అవతలివాళ్లు ముందు ‘స్టార్ట్’ నొక్కితే తప్ప బాట్ తనంతట తాను పలకరించలేదు. టెలిగ్రామే పెట్టిన కట్టడి అది, మంచిదే. స్వాగతం గ్రూప్‌లోనే చెప్పించండి. కొత్తది పడగానే పాతది తీసేయించండి, లేకపోతే పండగపూట గ్రూప్ నిండా స్వాగతాలే ఉంటాయి.

ప్రశ్న: మా కోచింగ్ సెంటర్ ప్రకటనను వంద గ్రూపుల్లో ఒకేసారి పెట్టే సాఫ్ట్‌వేర్ కొన్నాను. క్యాప్చా దాటే ఫీచర్ కూడా పెట్టమంటే, అదనంగా డబ్బు ఇస్తానన్నా డెవలపర్ ఒప్పుకోవడం లేదు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఆయన నంబర్ ఉంటే మా మొదటి పాఠకుడికి ఇద్దామనుకుంటున్నాను. మీ సంగతంటారా, ఆ కరీంనగర్ గ్రూప్‌లో చేరిన రోజే లింకు పెట్టకండి.