అమెరికా బేస్‌బాల్‌లో జీతాలకు క్యాప్ పెడితే జట్ల మధ్య తేడా పోతుందా?

మీ ప్రశ్న ఇదీ: ఐపీఎల్‌లో ప్రతి జట్టుకూ ఒకటే పర్స్, 2025 మెగా వేలంలో 120 కోట్ల రూపాయలు. మరి మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో డాడ్జర్స్ 41 కోట్ల డాలర్లు, మయామీ మార్లిన్స్ ఏడు కోట్ల డాలర్లు ఎలా ఖర్చు పెడుతున్నాయి? క్యాప్, అంటే జట్టు జీతాల మొత్తానికి పై హద్దు, పెట్టేస్తే గొడవ వదిలిపోదా? ఆటగాళ్ల యూనియన్ ఎందుకు అడ్డం పడుతోంది?

క్యాప్ ఒక్కటే పెడితే పెద్ద జట్ల యజమానులకు డబ్బు మిగులుతుంది, తక్కువ ఖర్చు పెట్టే పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇప్పుడున్న చోటే ఉంటుంది. తేడా పుట్టేది లోకల్ టీవీ డబ్బు దగ్గర. ముందు దాన్ని పంచాలి, అడుగున ఒక ఫ్లోర్, అంటే ప్రతి జట్టూ కనీసం ఇంత ఖర్చు పెట్టాలన్న హద్దు, కట్టాలి. ఆ రెండూ అయ్యాక క్యాప్ మాట ఎత్తితే వినడానికి నాకు అభ్యంతరం లేదు.

ముందు అంకెలు సరిచేద్దాం. మీరు పోల్చిన రెండూ ఒకే లెక్కలోవి కావు. 2025లో డాడ్జర్స్ 41.7 కోట్లు అన్నది లగ్జరీ ట్యాక్స్ లెక్క. జీతాలు ఒక గీత దాటితే ఆ పైమొత్తం మీద జట్టు లీగ్‌కు కట్టేదే ఈ ట్యాక్స్. మార్లిన్స్ ఏడు కోట్లు అన్నది సీజన్ మొదటి రోజు (ఓపెనింగ్ డే) నాటి జీతాల లెక్క. ఆ ఓపెనింగ్ డే లెక్కలో డాడ్జర్స్ 32 కోట్ల దగ్గర ఉంటుంది. తేడా అప్పటికీ నాలుగు రెట్ల పైనే, కానీ చర్చల్లో ఈ రెండు లెక్కలనూ కలిపేసి ఆరు రెట్లు అనేవాళ్లు చాలామంది ఉన్నారు. స్పాట్రాక్, ఫ్యాన్‌గ్రాఫ్స్ రోస్టర్‌రిసోర్స్ లాంటి జీతాల లెక్కల సైట్లలో చూసేటప్పుడు అది ఏ పేరోల్ (జీతాల మొత్తం) అన్నది పైన రాసి ఉంటుంది, ముందు అది చదవండి.

ట్యాక్స్ లెక్కలో మ్యాచ్‌లకు అందుబాటులో ఉండే 26 మందిని కాకుండా 40 మంది రోస్టర్‌ను (జట్టు జాబితాను) తీసుకుంటారు. ఒక్కో ఒప్పందం మొత్తాన్ని గ్యారంటీ ఉన్న ఏళ్లతో భాగించి, ఆ సగటునే ప్రతి ఏడాదీ వేస్తారు. ఆ ఏడు చేతికి ఎంత ఇచ్చారన్నది లెక్కలోకి రాదు. ఆటగాళ్ల బీమా, పెన్షన్ వంటి ఖర్చుల్లో జట్టు వాటా కూడా కలుపుతారు. విడుదల చేసేసిన ఆటగాడికి ఇంకా ఇస్తున్న జీతం, వేరే జట్టుకు పంపేసి మనం భరిస్తున్న సొమ్ము కూడా మన ఖాతాలోనే పడతాయి. డాడ్జర్స్‌తో షోహే ఒహ్తానీ ఒప్పందం దగ్గర జనం ఎక్కువగా తికమకపడతారు. 10 ఏళ్లకు 70 కోట్ల డాలర్లు, అయితే ఏటా ఇవ్వాల్సిన 7 కోట్లలో 6.8 కోట్లు వాయిదా, 2034 నుంచి 2043 వరకు చెల్లిస్తారు. పదేళ్ల తర్వాత ఇచ్చే 6.8 కోట్లకు 4.43 శాతం వడ్డీ చొప్పున నేటి విలువ కడితే సుమారు 4.4 కోట్లు వస్తుంది. చేతికిచ్చే 20 లక్షలు కలిపితే 4.6 కోట్లు. ట్యాక్స్ లెక్కలో ఏటా పడేది అదే. ఇది దొంగలెక్క కాదు, వాయిదా సొమ్ము నేటి విలువ నిజంగానే అంత. హువాన్ సోటో మెట్స్‌తో చేసుకున్న 15 ఏళ్ల 76.5 కోట్ల ఒప్పందంలో వాయిదాలే లేవు కాబట్టి, 70తో 76.5ను పక్కపక్కన పెట్టి చూస్తే అసలు తేడా కనపడదు.

ఇక ట్యాక్స్. 2025 గీత 24.1 కోట్ల డాలర్లు, 2026కి 24.4. మొదటిసారి దాటితే పైమొత్తం మీద 20 శాతం, వరసగా రెండో ఏడు 30, మూడో ఏడు నుంచి 50. గీతకు మరీ దూరం వెళ్తే దీని మీద అదనపు వడ్డింపు ఉంటుంది. డాడ్జర్స్ 2025 లెక్క వేసి చూద్దాం. 41.73 కోట్ల పేరోల్, వరసగా దాటుతున్న జట్టు. 24.1 నుంచి 26.1 వరకు 50 శాతం, అంటే 1 కోటి. అక్కడి నుంచి 28.1 వరకు 62 శాతం, 1.24 కోట్లు. అక్కడి నుంచి 30.1 వరకు 95 శాతం, 1.9 కోట్లు. 30.1 పైన మిగిలిన 11.63 కోట్ల మీద 110 శాతం, దాదాపు 12.8 కోట్లు. మొత్తం 16.94 కోట్ల డాలర్లు. అంటే ఈ ఎత్తులో ఒక ఆటగాడికి కోటి డాలర్లు ఇస్తే లీగ్‌కు ఇంకో కోటీ పది లక్షలు కట్టాలి. గీతను 4 కోట్లు దాటితే, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో జట్టు మొదటి పిక్ (ఎంపిక వంతు) పది స్థానాలు వెనక్కి పోతుంది కూడా.

ఒక్క ఏడు గీత కింద ఉంటే లెక్క మళ్లీ 20 శాతం నుంచి మొదలవుతుంది. అందుకే జట్లు కొన్నిసార్లు విడ్డూరంగా ప్రవర్తిస్తాయి. 2020 ఫిబ్రవరిలో బోస్టన్ రెడ్ సాక్స్ మూకీ బెట్స్‌ను డాడ్జర్స్‌కు ఇచ్చేసి, డేవిడ్ ప్రైస్ జీతం భారం కూడా కొంత దించుకుని గీత కిందికి వచ్చింది. 2023 ఆగస్టు చివర్లో ఏంజెల్స్ లూకస్ జియోలిటోతో సహా ఒకే రోజు చాలామందిని వేవర్స్‌లో పెట్టి, అంటే వేరే జట్లు జీతంతో సహా తీసుకోవచ్చని వదిలేసి, గీత కింద బయటపడింది. అప్పట్లో తమ దగ్గరున్న ఒహ్తానీ వెళ్లిపోతే పరిహారంగా వచ్చే డ్రాఫ్ట్ పిక్ మెరుగ్గా ఉంటుందన్నది అందులో ఒక లాభం. పేరుకు ట్యాక్సే అయినా చాలా జట్లు దాన్ని క్యాప్ లాగే పాటిస్తాయని చెప్పడానికి ఇవి చాలు.

అసలు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో చూడండి. ఐపీఎల్‌లో 2023 నుంచి 2027 వరకు ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు బీసీసీఐయే ఉమ్మడిగా అమ్మింది, జట్ల ప్రధాన రాబడి అందులోని వాటా. అందరికీ దాదాపు ఒకే రాబడి ఉంటే ఒకే పర్స్ పెట్టడం తేలిక. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ సంగతీ అంతే, టీవీ డబ్బు దాదాపు అంతా జాతీయ ఒప్పందాలదే, సమానంగా పంచుకుంటారు. బేస్‌బాల్‌లో ఫాక్స్, టర్నర్ లాంటి సంస్థలతో చేసుకున్న జాతీయ టీవీ ఒప్పందాల డబ్బు సమానంగానే పంచుతారు. కానీ ఒక్కో జట్టు ఆడే 162 మ్యాచ్‌ల్లో అత్యధిక భాగం ఊరి చానల్‌లో వస్తాయి, ఆ హక్కులు ఆ జట్టువే. డాడ్జర్స్ 2013లో కుదుర్చుకున్న ఒప్పందం 25 ఏళ్లకు 835 కోట్ల డాలర్లు. సగటున ఏడాదికి 33.4 కోట్లు. టికెట్టు ఒక్కటి అమ్మక ముందే, ట్యాక్స్ గీత కంటే తొమ్మిది కోట్లు ఎక్కువ చేతిలో ఉంటాయి. అటు చూస్తే, అప్పట్లో చాలా జట్ల లోకల్ ప్రసారాలు నడిపిన డైమండ్ స్పోర్ట్స్ గ్రూప్ 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. ఆ మే నెలాఖరున శాన్ డియేగో పాడ్రెస్ ప్రసారాలను లీగే నడపాల్సి వచ్చింది. గత మూడేళ్లలో అంతరం ఇంతగా పెరగడానికి ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం.

రెవెన్యూ షేరింగ్ లేదా అంటే ఉంది. ప్రతి జట్టూ తన నికర లోకల్ రాబడిలో 48 శాతం ఉమ్మడి కుండలో వేయాలి, దాన్ని సమానంగా పంచుతారు. ఇక్కడ రెండు చిల్లులున్నాయి. డాడ్జర్స్ 2012లో దివాలా నుంచి చేతులు మారినప్పుడు కుదిరిన ఏర్పాటు వల్ల, టీవీ సొమ్ము అంతటి మీదా కాకుండా తక్కువ విలువ కట్టి దాని మీదే వాటా తీసుకుంటారు. ఇక చానల్ కూడా యజమానిదే అయినప్పుడు చానల్ జట్టుకు ఇచ్చే ఫీజు ఎంత ఉండాలో ఎవరు చెప్పాలి? రెడ్ సాక్స్ వైపు నెసన్ చానల్, కబ్స్ వైపు మార్కీ చానల్, యాంకీస్‌కు యెస్ చానల్‌లో వాటా, టొరంటో జట్టూ స్పోర్ట్స్‌నెట్ చానలూ రెండూ రోజర్స్ కంపెనీవే. ఎడమ జేబు నుంచి కుడి జేబుకు ఎంత మారిందో జేబుల యజమానికే బాగా తెలుసు.

యూనియన్ గట్టిగా నిలబడేది ఇక్కడే. క్యాప్ ఉన్న లీగుల్లో ఆటగాళ్లకు మొత్తం రాబడిలో ఇంత శాతం అని రాసి ఉంటుంది, బాస్కెట్‌బాల్ ఎన్‌బీఏలో, ఐస్ హాకీ ఎన్‌హెచ్‌ఎల్‌లో అది సగానికి సగం దరిదాపుల్లో. సగం అనగానే 'దేనిలో సగం?' అన్న ప్రశ్న వస్తుంది. స్టేడియం చుట్టూ కట్టిన హోటళ్లు, దుకాణాలు, ఆఫీసుల అద్దె బేస్‌బాల్ రాబడేనా? అట్లాంటా బ్రేవ్స్ స్టాక్ మార్కెట్‌లో ఉంది కాబట్టి దాని స్టేడియం పక్కనున్న బ్యాటరీ కాంప్లెక్స్ లెక్క ప్రతి మూడు నెలలకూ బయటికొస్తుంది. మిగతా జట్లలో అలా విడిగా లెక్క చూపించేది మరొకటి లేదు. పుస్తకాలు చూడకుండా శాతానికి సంతకం పెట్టమంటే ఎవరు పెడతారు?

దీని వెనక చరిత్ర కూడా ఉంది. 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పుతో ఆటగాళ్లకు జట్టు మారే స్వేచ్ఛ వచ్చింది. 1980ల్లో యజమానులు ఒకరి ఆటగాళ్ల జోలికి ఒకరు పోకూడదని లోపాయికారీగా అనుకున్నారు. అది రుజువై, 1990లో 28 కోట్ల డాలర్లు పరిహారం కట్టారు. 1994లో రాబడి చెరిసగం, మీద క్యాప్ అన్న ప్రతిపాదన తెచ్చారు. ఆగస్టు 12న ఆటగాళ్ల సమ్మె మొదలైంది, టైటిల్ తేల్చే వరల్డ్ సిరీస్ రద్దయింది. ఆ డిసెంబరులో యజమానులు ఏకపక్షంగా క్యాప్ అమలు చేశారు. 1995 మార్చి 31న న్యూయార్క్‌లో ఫెడరల్ న్యాయమూర్తి సోనియా సొటొమయోర్ ఇచ్చిన ఉత్తర్వుతో పాత నిబంధనలే నిలిచాయి, 232 రోజుల సమ్మె ముగిసింది. 1994లో ఆట ఆగేసరికి అందరికంటే ముందున్నది తక్కువ జీతాల మాంట్రియల్ ఎక్స్‌పోస్, 74 గెలుపులు, 40 ఓటములు. చిన్న జట్లను కాపాడతామని మొదలైన గొడవలో మునిగింది ఆ చిన్న జట్టే. ఇప్పుడది మాంట్రియల్‌లో లేదు.

డబ్బుంటే గెలుపు ఖాయమా అంటే, 2023లో పేరోల్‌లో మొదటి మూడు జట్లు మెట్స్, యాంకీస్, పాడ్రెస్. మూడూ ప్లేఆఫ్స్‌కు రాలేదు. మెట్స్ పది కోట్ల డాలర్ల పైన ట్యాక్స్ కట్టి 87 మ్యాచ్‌లు ఓడింది. అయినా డబ్బుతో పనిలేదని నేను అనను. డబ్బు కొనేది బీమా. 2025లో డాడ్జర్స్ 18.2 కోట్ల ఒప్పందంతో తెచ్చుకున్న పిచర్ (బంతి విసిరేవాడు) బ్లేక్ స్నెల్ గాయంతో ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా లేడు, ఇంకో పిచర్ టైలర్ గ్లాస్నో కూడా నెలల తరబడి లేడు. అయినా తమ డివిజన్ (గ్రూపు) గెలిచారు, అక్టోబరుకు ఇద్దరూ తిరిగొచ్చారు. చిన్న జట్టులో ఇద్దరు ప్రధాన పిచర్లు పోతే ఆ ఏడు అక్కడితో సరి. రెగ్యులర్ సీజన్‌లో 97 గెలుపులతో అందరికంటే ముందున్న మిల్వాకీని డాడ్జర్స్ నాలుగుకు నాలుగు ఓడించి, వరసగా రెండో ఏడు టైటిల్ కొట్టింది. 1998-2000 యాంకీస్ తర్వాత అలా వరసగా గెలిచిన జట్టు ఇదే.

నాకు ఎక్కువ బాధ కలిగించేది అడుగు భాగం, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఆటగాడు ఆరేళ్ల సర్వీసు పూర్తయితే గానీ ఫ్రీ ఏజెంట్, అంటే నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకోగలవాడు, కాడు. దాదాపు 187 రోజుల సీజన్‌లో 172 రోజులు ఉంటే ఒక ఏడు. 2015లో కబ్స్ క్రిస్ బ్రయంట్‌ను మైనర్ లీగ్ నుంచి ఏప్రిల్ 17న పైజట్టుకు పిలిచింది, సీజన్ చివరికి అతనికి 171 రోజులు. ఒక్క రోజు తక్కువ, ఒక ఏడు పోయింది. ఫిర్యాదు చేశాడు, 2020లో ఓడిపోయాడు. యూనియన్‌తో కుదిరిన 2022 ఒప్పందంలో, ఉత్తమ కొత్త ఆటగాడికిచ్చే రూకీ ఆఫ్ ద ఇయర్ అవార్డు ఓటింగ్‌లో మొదటి ఇద్దరికీ పూర్తి ఏడాది సర్వీసు ఇవ్వాలని రాశారు, పైరేట్స్ 2024 మేలో పిలిచిన పాల్ స్కీన్స్‌కు అది పనికొచ్చింది. అదే స్కీన్స్ 2025లో ఉత్తమ పిచర్‌కిచ్చే సై యంగ్ అవార్డు గెలిచినప్పుడు అతని మూలజీతం పది లక్షల డాలర్లు కూడా లేదు, ఆ ఏటి కనీస జీతం 7.6 లక్షలు. అంతటి పిచర్ అంత చవగ్గా ఉన్నప్పుడు మిగిలిన డబ్బుతో ఇద్దరు బ్యాటర్లను తెచ్చుకోవాల్సిన జట్టు 91 మ్యాచ్‌లు ఓడింది. డాడ్జర్స్‌కు క్యాప్ పెట్టినంత మాత్రాన పిట్స్‌బర్గ్ యజమాని జేబు తెరుస్తాడని చెప్పేవాళ్లు, అది ఎలా జరుగుతుందో కూడా చెప్పాలి.

యజమానులకూ ఆటగాళ్ల యూనియన్‌కూ మధ్య ఇప్పుడున్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. పోయినసారి యజమానులు ఆటగాళ్లను బయట నిలబెట్టిన లాకౌట్ 99 రోజులు సాగింది. ఎన్‌హెచ్‌ఎల్‌లో క్యాప్ కోసం 2004-05 సీజన్ మొత్తం పోయింది, అదీ గుర్తుంచుకోండి. క్యాప్ ప్రతిపాదన బయటికొచ్చినప్పుడు పై అంకె కంటే ముందు కింది అంకె చదవండి. 2021లో యజమానులు 10 కోట్ల ఫ్లోర్ ఇస్తామన్నారు, దానికి బదులుగా ట్యాక్స్ గీతను 18 కోట్లకు దించమన్నారు. అలాంటి జోడీ అయితే మొత్తం జీతాలు తగ్గుతాయని కాగితం మీద కూడికతోనే తేలుతుంది. ఫ్లోర్ అందుకోని జట్టుకు శిక్ష ఏమిటో చూడండి, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే లోటు సొమ్ము ఆటగాళ్లకే పోతుంది. తర్వాత లోకల్ టీవీ డబ్బులో ఎంత శాతం కుండలోకి వస్తుందో, డాడ్జర్స్ మినహాయింపు ఉంటుందో పోతుందో, చానల్ కూడా తనదే అయిన జట్టు ఫీజును బయటివాళ్లు లెక్కగడతారో లేదో చూడండి. ఫ్రీ ఏజెన్సీకి ఆరేళ్లు ఐదవుతాయా అన్నది కూడా. వీటిలో ఎక్కడా ఏమీ లేకుండా 'సమానత్వం' అన్న మాట మాత్రం ఉంటే, ఆ ప్రతిపాదనతో లాభపడేది ముప్పై మంది యజమానులే.