పిచ్చి తుగ్లక్ మీద నవల రాస్తానన్న అమ్మాయికి

చి. అమ్మాయికి,

పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన అధ్యాయాలు చదివాను. ఢిల్లీ సుల్తాను ముహమ్మద్ బిన్ తుగ్లక్‌ను ఎంచుకున్నందుకు సంతోషం. పోయి ఏడొందల ఏళ్లు కావస్తున్నా ఆయన పేరు ఇంకా తిట్టుగానే చలామణీ అవుతోంది. అందుకే నీకు పౌరుషం వచ్చినట్టుంది. నీ సుల్తాను ఒక్క తప్పూ చెయ్యడు. ఎవరికీ అర్థంకాని మేధావి, ఎవరూ తోడులేని ఒంటరి. ఒకప్పటి నవలల్లో చెడ్డపేరున్న రాజు కనిపిస్తే కోరలు పెట్టేవారు. ఇప్పుడేమో కోరలు పీకి కిరీటం తుడిచి ఇస్తున్నారు. ఇందులో ఏది చేసినా మనిషి కనబడడు.

ముందు సాక్షుల పేర్లు ఒక కాగితం మీద రాసుకో. ఎవరు, ఎప్పుడు, ఎవరి ఉప్పు తింటూ ఆ మాట చెప్పారో పక్కనే రాయి. నీ కథకి ముఖ్యంగా ముగ్గురున్నారు.

తుగ్లక్ కాలం గురించి పుస్తకం రాసిన ఇసామీది సొంత గాయం. 1327లో రాజధాని ఢిల్లీ నుంచి దేవగిరికి, అంటే దౌలతాబాద్‌కు మారినప్పుడు కుర్రవాడిగా ఉన్న అతణ్ణి కూడా తరలించారు. తొంభయ్యేళ్ల తాత దారిలో మొదటి మజిలీలోనే పోయాడని రాశాడు. ఆ కోపం నిజం. కానీ పుస్తకం రాసింది 1350 ప్రాంతంలో, దక్కన్‌లోని బహమనీ సుల్తాను నీడలో. ఆ సుల్తాను 1347లో తుగ్లక్ మీద తిరుగుబాటు చేసి గద్దెనెక్కినవాడు. తుగ్లక్‌ను ఎంత తిడితే అక్కడ అంత ఆదరణ.

చరిత్రకారుడు బరనీ పదిహేడేళ్లు తుగ్లక్ కొలువులోనే ఉన్నాడు. సుల్తాను పోయాక హోదా పోయి, ముసలితనంలో పేదరికంలో కూర్చుని 1357లో చరిత్ర ముగించాడు. తోటమాలికీ మంగలికీ వంటవాడికీ పదవులిచ్చాడని సుల్తాను మీద మండిపడతాడు. ఆ మంటలో సుల్తాను తప్పు ఎంతో, బరనీ కులీన గర్వం ఎంతో నువ్వు తూచుకోవాలి. ఇంకోచోట, భయం కొద్దీ ఆశ కొద్దీ మేమెవరం ఆయన ముందు నిజం మాట్లాడలేదని ఒప్పుకుంటాడు. నేనైతే నవలని ఆ మాట దగ్గరే మొదలుపెడతాను. నీ అధ్యాయాల్లో బరనీ జాడే లేదు, అదేం ఆశ్చర్యమో!

ఇక మొరాకో నుంచి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ బతూతా. సుల్తాను వాకిట్లో ఎప్పుడు చూసినా ఒకడు బహుమతి అందుకుంటూనో, ఒకడు చస్తూనో కనిపిస్తాడన్న ధోరణిలో రాసింది ఇతనే. ఢిల్లీలో ఖాజీగా చేసినవాడు, కాబట్టి అది చూసిన మాట. కానీ గుడ్డివాణ్ణి ఢిల్లీ నుంచి ఈడ్చుకెళ్తే దౌలతాబాద్‌కు కాలు మాత్రమే చేరిందన్న కథ అలాంటిది కాదు. అతను ఢిల్లీ చేరింది 1334లో, తరలింపు జరిగిన ఏళ్ల తర్వాత. అది విన్న మాట. అయినా ఆ కథని కొట్టెయ్యకు. బజార్లో ఒక పాత్ర నోట చెప్పించు. జనం రాజు గురించి ఏం నమ్మేవారో అందులో ఉంది. నువ్వు మాత్రం కథకురాలి గొంతుతో దాన్ని జరిగిపోయిన సంఘటనగా రాయకు. పిల్లీ కుక్కా కూడా మిగల్లేదన్న బరనీ మాటా ఇంతే. ఆ 1327, 1328 నాటి సంస్కృత శాసనాలు ఢిల్లీ ప్రాంతంలో దొరికాయి. వాటిని బట్టి ఊళ్లో హిందూ వర్తకులు బాగానే ఉన్నారు. ప్రధానంగా కదిలించింది అధికారుల్నీ మతపెద్దల్నీ వాళ్ల కుటుంబాల్నీ.

ఇదంతా చెప్పి సుల్తానుకు క్షమాపత్రం రాయమనడం లేదు. ఊరంతా ఖాళీ కాకపోయినా ఇసామీ తాత పోయాడు కదా! నీ తరలింపు అధ్యాయంలో పటాలున్నాయి, మంత్రాలోచనలున్నాయి, దక్షిణాదిని అదుపులో పెట్టుకునే వ్యూహం ఉంది. నడిచినవాళ్లు లేరు. ఆ ముసలాయన్ని డోలీలో పడుకోబెట్టి, పక్కన మనవణ్ణి నడిపించి రాసి చూడు. వ్యూహం వద్దనను, అది ఆ కుర్రాడికి తెలియకుండా ఉండనీ.

వరంగల్ సంగతి నువ్వు దాటవేశావు. 1323లో కోటను పట్టింది ఈయనే, అప్పటికి యువరాజు ఉలుగ్ ఖాన్. తెలుగు పాఠకుడు ఆ పేజీ కోసం వెతుక్కుంటాడు. ప్రతాపరుద్రుడనే సూర్యుడు అస్తమించగానే చీకటి కమ్మిందని ప్రోలయ నాయకుడి విలస శాసనం చెబుతుంది. అది కూడా ఒక పాలకుడు తన కీర్తి కోసం వేయించిందే. సాక్షుల జాబితాలో దాన్నీ చేర్చు, అదే ప్రశ్న దాన్నీ అడుగు. మనవాళ్లని వదిలేస్తే ఆట తొండి అవుతుంది.

ఇంగ్లండ్‌లో మూడో రిచర్డ్‌కు జరిగింది కూడా చూడు. జాన్ రౌస్ అనే పండితుడు రాజు బతికున్నప్పుడు ప్రజల్ని పీడించేవాళ్లని శిక్షించిన మంచి ప్రభువని పొగిడాడు. 1485లో రాజు యుద్ధంలో చచ్చి శత్రువులైన ట్యూడర్ వంశం వాళ్లు గద్దెనెక్కాక అదే రౌస్, రిచర్డ్ రెండేళ్లు తల్లి కడుపులో ఉండి, పళ్లతో, భుజాల దాకా జుట్టుతో పుట్టాడని రాశాడు. 2012లో లెస్టర్‌లో ఒక కార్ పార్కింగ్ కింద ఎముకలు దొరికాయి. వెన్ను పక్కకి వంకర తిరిగిన మాట నిజం, నాటకాల్లో చూపించే ఎండిపోయిన చెయ్యి మాత్రం లేదు. అభిమానులు పండగ చేసుకున్నారు. కానీ 1483లో లండన్ టవర్ కోటలో ఉన్న రిచర్డ్ అన్న కొడుకులు, పన్నెండేళ్ల వాడూ తొమ్మిదేళ్ల వాడూ, ఏమయ్యారో ఆ ఎముకలు చెప్పవు. వెన్నెముక నిర్దోషి అయినంత మాత్రాన రాజు నిర్దోషి కాడు!

నీ నాణేల అధ్యాయం మాత్రం భేష్. వెండి టంకా విలువని రాగి, ఇత్తడి బిళ్లలకి కట్టడం పిచ్చి పని కాదని, చైనాలో కాగితం డబ్బే నడిచిందని చక్కగా కథలో కలిపావు. సుల్తాను మాట వింటే దేవుడి మాట విన్నట్టేనన్న నాణెం మీది రాతనీ వాడుకున్నావు. కానీ హడావుడిగా ముగించావు. అసలు రుచి తర్వాతే ఉంది. ఎవరికి వాళ్లు ఇంట్లో బిళ్లలు పోసుకున్నారు, పన్నులు వాటితోనే కట్టారు, వర్తకులేమో వాటిని తీసుకోవడానికి ఒప్పుకోలేదు. చివరికి ఖజానాలోంచి వెండి ఇచ్చి దొంగ బిళ్లలతో సహా వెనక్కి కొన్నాడు. తుగ్లకాబాద్‌లో అవి గుట్టలు పడి ఉండేవని బరనీ రాశాడు. మాట తప్పని రాజు, దానికే దివాలా తీసిన ఖజానా. ఆ రాత్రి బిళ్లలు లెక్కపెట్టే గుమాస్తా ఒకడు కావాలి నీకు.

చిన్నప్పుడు తండ్రి కొట్టాడు, అందుకే ఇలా అయ్యాడు అన్న భాగం తీసెయ్. దానికి ఏ ఆధారమూ లేదు, పైగా పెద్ద మనిషి చేసిన ప్రతి పనికీ అది సాకు అయిపోతుంది. తండ్రి చావు వేరే సంగతి. 1325లో స్వాగతం కోసం కట్టిన మండపం కూలి గియాసుద్దీన్ పోయాడు. పిడుగు పడిందని బరనీ, పన్నాగమని ఇబ్న్ బతూతా. నువ్వు తీర్పు చెప్పకు. కొడుకు చేత కూడా ఎక్కడా చెప్పించకు. ఆ మండపం గురించి ఎవరైనా ఎత్తగానే కొలువులో మాట మారిపోవాలి, అంతే.

భాష గురించి ఒక్క ముక్క. ఏలికా, చిత్తం మహాప్రభూ అని పేజీకి పదిసార్లు వద్దు.

చివర్లో రచయిత్రి మాటగా, ఏ పాత్రలు నీ కల్పనో, ఎక్కడ తేదీలు జరిపావో రెండు పేజీల్లో చెప్పెయ్. నవలని చరిత్ర పుస్తకంలా నమ్మేవాళ్లు మనకి ఎక్కువ.

తరలింపు అధ్యాయం ముందు తిరగరాసి పంపు, మిగతావి తర్వాత చూద్దాం. బరనీ పుస్తకం అనువాదం నా దగ్గరుంది, అమ్మతో పంపిస్తున్నాను. మార్జిన్లలో నా పెన్సిల్ గీతల్ని పట్టించుకోకు.

ఇట్లు,
మీ పెదనాన్న