'నీ మీద కోపం కాదు, తల నిండిపోయింది' అని చెప్పండి

ప్రశ్న: నా వయసు 30. సొంతూరు హిందూపురం. ఆరేళ్లుగా బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. బెల్లందూరు దగ్గర అద్దె ఫ్లాటు. పెళ్లై ఏడాదిన్నర అయింది. చిన్నప్పటి నుంచి నాకు పెద్ద శబ్దాలు, ఘాటు వాసనలు, జనం పడవు. ఎవరైనా ఒక మాట అంటే మూడు రోజులు అదే తలలో తిరుగుతుంది. మొన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడి మీద మేనేజర్ అందరి ముందూ అరిచాడు. ఆ కుర్రాడు బాగానే ఉన్నాడు, నేను మాత్రం బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చాను. సాయంత్రం ఇల్లు చేరేసరికి మాట్లాడే ఓపిక ఉండదు. మా ఆవిడ కలుపుగోలు మనిషి. టీవీ పెట్టుకుని, ఫోన్‌లో వాళ్లమ్మతో మాట్లాడుతూ వంట చేస్తుంది. నేను గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాను. 'నేనంటే ఇష్టం లేదా?' అని ఈ మధ్య అడిగింది. ఊరు దగ్గర కావడంతో శని, ఆదివారాల్లో ఎవరో ఒక చుట్టం దిగుతూనే ఉంటారు. మా నాన్న 'మగపిల్లాడివి, ఇంత సుకుమారమైతే ఎట్లా బతుకుతావురా' అంటాడు. ఆయనకు నా సంగతి అర్థం కాదు. ఏ పెళ్లికెళ్లినా భోజనం కాగానే బయట ఏదో చెట్టు కిందికి వెళ్లి కూర్చునే మనిషి, ఎవరితోనూ మనసు విప్పడు. రెండు నెలలుగా నాకు నిద్ర సరిగా లేదు. ఆఫీసుకు బయల్దేరే ముందు గుండె దడగా ఉంటోంది. ఇది జబ్బా? ఉద్యోగం మానేసి ఊరికి వెళ్లిపోతే బాగుపడతానా? మా ఆవిడకు ఎలా చెప్పాలి?

జవాబు: మీ మూడు ప్రశ్నల్లో చివరిదాన్ని ముందు తీసుకుంటాను. మిగతావి నాలుగు రోజులు ఆగుతాయి, ఇది ఆగదు.

'నేనంటే ఇష్టం లేదా' అన్న మాట నోటిదాకా రావడానికి ముందు ఆమె ఎన్ని రాత్రులు దాన్ని మనసులో తిప్పుకుని ఉంటారో ఒకసారి ఆలోచించండి. తలుపేసుకోవడం మీకు విశ్రాంతి. తలుపు ఇవతల ఉన్న మనిషికి అదే జవాబు. మీరు కారణం చెప్పనంతకాలం ఆమెకు తోచిన కారణమే ఆమెకు మిగులుతుంది. పెళ్లై ఊరుకాని ఊరు వచ్చిన అమ్మాయికి ముందుగా తోచేది 'నేను నచ్చలేదు' అనే. ఇలాంటి జంటలతో చాలాసార్లు కూర్చుని మాట్లాడాను. ఆ ఇళ్లను నలిపింది శబ్దం కాదు, అలసటను దాచుకోవడం.

కాబట్టి చెప్పేయండి. అలసిపోయి ఇంటికొచ్చిన పూట వద్దు. ఒక ఆదివారం పొద్దున, ఇద్దరూ టిఫిన్ తిన్నాక చెప్పండి. "ఆఫీసులో రోజంతా మాటలు, లైట్లు, ఫోన్లు. తర్వాత రింగ్ రోడ్డు మీద హారన్లు. ఇంటికొచ్చేసరికి నా తల నిండిపోయి ఉంటుంది. నీ మీద కోపం కాదు. నాకొక అరగంట ఇవ్వు, తర్వాత నేనే వచ్చి నీ దగ్గర కూర్చుంటాను." ఇంత చాలు. ఇందులో ప్రాణమంతా ఆఖరి మాటలోనే ఉంది. అరగంట అడిగి రెండు గంటలు గదిలో ఉండిపోతే చెప్పకపోవడమే నయం. అరగంట కాగానే తలుపు తీసుకుని బయటికి రండి. కూరగాయలు తరగండి, గిన్నెలు సర్దండి, ఆ రోజు ఏం జరిగిందో వినండి. ఓ పది రోజులు ఇలా జరిగితే, తలుపు మూసుకున్నా మళ్లీ తెరుచుకుంటుందని ఆమెకు నమ్మకం కుదురుతుంది.

అప్పుడే ఆమెనూ ఒక సంగతి అడగండి. టీవీ చూడటానికి పెట్టుకుంటున్నారా, ఇంట్లో మనిషి గొంతు వినిపించడానికా? నా అనుభవంలో రెండోదే ఎక్కువ. మీరు పక్కన కూర్చుని మాట్లాడే రోజున దాని సౌండు దానంతటదే తగ్గవచ్చు.

ఇక, ఇది జబ్బా? సున్నితంగా ఉండటం జబ్బు కాదు. మీరు చెప్పిన స్వభావానికి 'హైలీ సెన్సిటివ్ పర్సన్' అని పేరుపెట్టి, 1990లలో దాని మీద పరిశోధన చేసినవారు అమెరికాకు చెందిన ఎలైన్ ఆరన్ అనే సైకాలజిస్టు. ఆమె, ఆమె భర్త ఆర్థర్ ఆరన్ 1997లో ప్రచురించిన పత్రంలో దీన్ని కొలవడానికి 27 ప్రశ్నల పట్టిక కూడా ఉంది. పెద్ద శబ్దాలు, ఘాటు వాసనలు, ఆకలేస్తే మనసు నిలవకపోవడం, కాఫీ తాగితే దాని ప్రభావం ఎక్కువగా ఉండటం లాంటివన్నీ అందులో అడుగుతారు. నూటికి 15 నుంచి 20 మంది ఇలా ఉంటారని ఆమె అంచనా. తర్వాతి పరిశోధకులు ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని గీత గీయలేదు. ఎత్తు, బరువుల్లాగే ఇదీ అందరిలో ఎంతో కొంత ఉంటుందని, బాగా ఎక్కువగా ఉన్నవాళ్లు నూటికి ముప్పై మంది దాకా ఉండొచ్చని అన్నారు. మానసిక వ్యాధుల జాబితాలో దీనికి చోటు లేదు. మీ చెవులు అందరికంటే ఎక్కువ వింటున్నాయని కాదు. విన్నదాన్ని, చూసినదాన్ని మీ మెదడు తేలిగ్గా వదలకుండా తరచి చూస్తుంది. అందుకే అది త్వరగా నిండిపోతుంది. ఆ కుర్రాణ్ని తిట్టినప్పుడు అతని ముఖంలో ఏదో కదలడం అక్కడున్న వాళ్లలో మీకొక్కరికే కనిపించి ఉండవచ్చు. అతను నిజంగా బాగానే ఉన్నాడో లేదో ఒకసారి టీకి పిలిచి అడగండి. అలా అడగగలిగేది మీలాంటివాళ్లే.

ఆడవాళ్లలో ఎంతో మగవాళ్లలోనూ ఇది అంతే అని ఆరన్ అంటారు. మగపిల్లలు దాచుకోవడం తొందరగా నేర్చుకుంటారు, అది నేను కళ్లారా చూసిన మాట. మీ నాన్నగారి గురించి రాస్తూ మీకు తెలియకుండానే మీరొక మాట చెప్పారు. పెళ్లిళ్లలో భోజనం కాగానే బయటికి వెళ్లి చెట్టు కింద కూర్చుంటారని. కవలల మీద 2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, ఈ సున్నితత్వంలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో దాదాపు సగం జన్యువుల వల్ల వచ్చేవి, మిగతాది పెరిగిన వాతావరణం. ఉత్తరం చూసి ఆయన మనసును నేను నిర్ణయించలేను. కానీ ఆయన 'ఎట్లా బతుకుతావురా' అన్నప్పుడు అందులో ఎగతాళే ఉందా, తాను పడిన అవస్థ కొడుకూ పడతాడేమోనన్న భయం కూడా ఉందా? ఈసారి ఏదైనా పెళ్లికి కలిసి వెళ్తే ఆ చెట్టు కిందికి మీరూ వెళ్లి, ఆయన పక్కన కాసేపు కూర్చోండి. ఏమీ అడగక్కర్లేదు.

ఉద్యోగం మానేయడం గురించి: ఇప్పుడు వద్దు. నిద్ర లేని రెండు నెలల్లో అంత పెద్ద నిర్ణయం తీసుకోకూడదు. పైగా ఊరు నిశ్శబ్దంగా ఉంటుందన్నది దూరం నుంచి చూస్తే పుట్టే ఆశ. గుడి మైకు, పెళ్లి బ్యాండు, తలుపు తట్టకుండా వంటింటిదాకా వచ్చేసే ఇరుగుపొరుగు మీకు తెలియనివి కావు. బెంగళూరు ఫ్లాటులో కనీసం తలుపు మీ చేతిలో ఉంది. ఆర్నెల్ల తర్వాత, బాగా నిద్రపోతున్న రోజుల్లో కూడా వెళ్లాలనిపిస్తే అప్పుడు ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి.

చుట్టాల సంగతికి వస్తే, రావద్దని మన ఇళ్లలో అనలేం, అననూ కూడదు. కానీ నెలలో రెండు ఆదివారాలు మీ ఇద్దరివి అని ముందే అనుకుని, ఆ తేదీల్లో వస్తామన్నవాళ్లకు 'పై వారం రండి, స్టేషన్‌కు నేనే వస్తాను' అనవచ్చు. రైలెక్కితే రెండు గంటల్లో వచ్చేవాళ్లు వారం ఆగలేని వాళ్లేమీ కాదు. ఈ మాట మీ వైపు వాళ్లకు మీరే చెప్పాలి, ఆమె చేత చెప్పించకండి. వచ్చినప్పుడు మాత్రం చేతిలో ఒక పని పెట్టుకోండి. కాఫీ కలపడం, వడ్డించడం, పిల్లల్ని కిందికి తీసుకెళ్లి ఆడించడం. సోఫాలో ఇరుక్కుని అందరి మాటలూ ఒకేసారి వినడం కంటే ఇది మీకు ఎంతో తేలిక, ఎవరూ తప్పుపట్టరు కూడా.

ఆఫీసులో చిన్నవి కొన్ని చేయవచ్చు. నడవ పక్కనో ప్యాంట్రీ పక్కనో మీ సీటు ఉంటే గోడ వైపు అడగండి. కారణం వివరించక్కర్లేదు, పని మీద ధ్యాస కుదరడం లేదంటే చాలు. మేనేజర్ ఏదైనా అన్నప్పుడు ఆయన వాడిన మాటలను అక్షరం మార్చకుండా రాసుకోండి, కింద మీకు అనిపించింది రాయండి. 'ఈ రిపోర్టు మళ్లీ చూడు' అని ఆయన అన్నది 'నువ్వు పనికిరావు' అని మీకు వినిపించి ఉంటే, కాగితం మీద ఆ తేడా కనబడుతుంది. మూడు రోజులు తిరిగే మాట కొన్నిసార్లు అక్కడే ఆగిపోతుంది. ఖాళీ కడుపుతో ఫిల్టర్ కాఫీ మానండి, మధ్యాహ్నం మూడు దాటాక అసలే వద్దు. హెడ్‌ఫోన్లు, చెవి ప్లగ్గులు రద్దీలో వాడండి కానీ రోజంతా చెవులు మూసుకోకండి. ఎప్పుడూ నిశ్శబ్దానికే అలవాటైతే మామూలు శబ్దాలు కూడా మరింత పెద్దగా వినిపించడం మొదలవుతుంది. గుండె దడ వచ్చినప్పుడు నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. గాలి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది, దాన్ని మనం కాస్త సాగదీస్తున్నాం, అంతే.

తల నిండిపోయాక చోటు వెతుక్కోవడం కాకుండా, నిండకముందే వెళ్లే చోటు ఒకటి ఉండాలి. మీకు సర్జాపూర్ రోడ్డులోని కైకొండ్రహళ్లి చెరువు దగ్గరే. చుట్టుపక్కల జనం పూనుకుని బాగుచేయించుకున్న చెరువు అది. వారంలో రెండు పొద్దుళ్లు అక్కడ నడవండి. ఆదివారం అయితే కబ్బన్ పార్కు లోపల వాహనాలు తిరగనివ్వరు. నాకు మాత్రం లాల్‌బాగ్‌లోని బండ ఇష్టం. దాదాపు 300 కోట్ల ఏళ్ల నాటి రాయి అది. జనం తక్కువగా ఉండే మామూలు రోజున, పొద్దున్నే, దాని మీద ఊరికే కూర్చుంటే ఊరి చప్పుడు కింద ఎక్కడో ఉండిపోతుంది. మీ ఆవిడను ఒకసారి తీసుకెళ్లండి. మాట్లాడకపోయినా ఇద్దరూ కలిసే ఉన్నారన్నది ఆమెకు ఇంట్లో కంటే అక్కడ బాగా అర్థమవుతుంది.

ఇక నేను తేలిగ్గా తీసుకోలేని విషయం. స్వభావం చిన్నప్పటి నుంచీ ఉన్నది. నిద్ర లేకపోవడం, గుండె దడ రెండు నెలల కిందట వచ్చినవి. ఈ రెంటినీ ఒకే మూటలో కట్టి 'నేనింతే' అనుకోకండి. ఇది యాంగ్జయిటీ కావచ్చు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం వల్ల కూడా దడ, చిరాకు, నిద్రలేమి వస్తాయి. ముందు ఒక ఫిజీషియన్‌కు చూపించి రక్తపరీక్ష చేయించుకోండి. తర్వాత సైకాలజిస్టును కలవండి. మీరున్న ఊళ్లోనే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ ఉంది. ఆసుపత్రి మెట్లెక్కాలంటే బెరుకుగా ఉంటే బీటీఎం లేఔట్‌లో వాళ్లదే వెల్ బీయింగ్ సెంటర్ ఉంది, మామూలు కుటుంబ, ఉద్యోగ ఒత్తిళ్ల కోసమే పెట్టినది. అర్ధరాత్రి నిద్ర పట్టక మనసు మరీ బరువెక్కితే 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక సహాయ ఫోన్ సేవ అది. డబ్బు తీసుకోరు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆఫీసులో తెలిసిపోతుందన్న టెన్షన్ పెట్టుకోకండి. మానసిక చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టమే చెబుతోంది.

కౌన్సెలింగ్ వల్ల నాలాంటివాడికి లాభమేముంటుందని మీకు అనిపించవచ్చు. ఇంగ్లండ్‌లో 11 ఏళ్ల ఆడపిల్లలకు బడిలోనే, దిగులుకు లోనవకుండా మనసును నిలబెట్టుకోవడం నేర్పే ఒక కార్యక్రమం జరిపి, ఫలితం 2015లో ప్రచురించారు. సున్నితత్వం ఎక్కువగా ఉన్న పిల్లల్లో దిగులు తగ్గింది. తక్కువగా ఉన్నవాళ్లలో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు. చెడ్డ మాట మీకు ఎంత లోతుగా తగులుతుందో, మంచి మాటా అంతే లోతుగా తగులుతుంది.

వచ్చే వారంలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. వెళ్లేటప్పుడు మీ భార్యనూ వెంటబెట్టుకెళ్లండి. ఆమె లోపలికి రాకుండా బయట బెంచీ మీద కూర్చున్నా సరే.