ఈస్టు పూత వేయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నారింజలకు బూజు పట్టకుండా ఈస్టు కలిపిన పూత వేస్తానని రాశావు, చాలా సంతోషం. పండు మీద నువ్వు పెడుతున్నది ప్రాణమున్న వాటిని. ఏ పని చేయబోయినా, దీనికి ఈస్టు బతుకుతుందా అని ముందు చూసుకో.

పచ్చబూజు, నీలిబూజు రెండూ పెనిసిలియం జాతివే. తొక్క చెక్కుచెదరకుండా ఉంటే లోపలికి పోలేవు. గోరు గీరినచోట, తొడిమ ఊడినచోట దూరతాయి. ఆ గాయంలో ఊరే తీపిరసాన్ని బూజు మొలకెత్తేలోపే ఈస్టు తినేయాలి. మెచ్నికోవియా పుల్చెరిమా అనే ఈస్టు రకం అయితే అక్కడి ఇనుమును కూడా ఎర్రటి రంగుగా మార్చి పట్టేసుకుంటుంది, బూజుకు దక్కనివ్వదు. అందుకే కోసిన రోజునే పూత పడాలి. అప్పటికే లోపల పాతుకున్న బూజును ఇది ఆపలేదు.

లీటరు డిస్టిల్డ్ వాటర్‌కు 15 గ్రాముల సోడియం ఆల్జినేట్ (పూతకు వాడే సముద్రపు నాచు జిగురు పొడి) చాలు. ఉప్పునీళ్లు, కాఠిన్యమున్న నీళ్లు వద్దు, వాటిలోని కాల్షియంతో గడ్డలు కడుతుంది. నీళ్లు గిర్రున తిరుగుతుండగా పొడిని చిటికెడు చిటికెడు చల్లు. ఒక్కసారే కుమ్మరిస్తే పైన జిగురు, లోపల పొడి ఉన్న ఉండలవుతాయి, ఎంతసేపు కలిపినా కరగవు. పూత ఎండాక పెళుసై రేగకుండా 10 గ్రాముల గ్లిజరాల్ పోయి. వేడి చేసి కరిగించావా, 25 డిగ్రీలకు చల్లారాకే ఈస్టు కలుపు.

ఆహారానికి అనుమతి ఉన్న రకాన్నే ఎంచుకో. మిల్లీలీటరుకు 10 కోట్ల కణాలు ఉండాలి. మిథిలిన్ బ్లూ అనే నీలిరంగు చుక్క వేసి మైక్రోస్కోపులో లెక్కపెట్టు: చచ్చినవి నీలంగా, బతికున్నవి రంగులేకుండా కనిపిస్తాయి. నీలంవి ఎక్కువగా ఉంటే ఆ కల్చర్ (పెంచిన ఈస్టు) మీద ఆశ వదులుకో.

పండ్లను క్లోరిన్ నీళ్లలో కడిగితే మంచినీళ్లతో మళ్లీ కడిగి ఆరబెట్టాలి. మిగిలిన క్లోరిన్ ఈస్టునే చంపుతుంది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పొటాషియం సార్బేట్, కైటోసాన్ లాంటి బూజునాపే పదార్థాలు కూడా బూజుతోపాటు ఈస్టునూ అణిచేస్తాయి, రెట్టింపు బలం వస్తుందని కలపకు.

అర నిమిషం ముంచి, కారనిచ్చి, 2 శాతం కాల్షియం క్లోరైడ్ నీళ్లు పిచికారీ చెయ్యి, పూత బిగుస్తుంది. ఫ్యాను గాలికి ఆరనివ్వు, వేడిగాలి వద్దు. పూత మందమైతే పండుకు ఊపిరాడక లోపల పులిసిన వాసన వస్తుంది. అప్పుడు ఆల్జినేట్ 10 గ్రాములకు తగ్గించు.

మొదటి విడతలో మూడు కుప్పలు పెట్టు: ఏ పూతా లేనివి, ఈస్టు లేని ఉత్త పూత వేసినవి, ఈస్టు పూత వేసినవి. మూడింటికీ ముందే ఒకే లోతున సూదితో గుచ్చి ఉంచు. రెండో కుప్పకూ మూడో కుప్పకూ తేడా లేకపోతే పూతలో ఈస్టు చచ్చిందేమో చూడు, ఆ తర్వాతే రకం మార్చు.